లండన్‌లో సమాధి.. లేని వీలునామా!

ఢిల్లీ వెళ్లినవాళ్లలో చాలామంది లోటస్ టెంపుల్ ముందు సెల్ఫీ దిగే ఉంటారు. నేనూ దిగాను. అది బహాయీల గుడి అని తెలుసు, అంతే. మిగతా కథ మొన్న లండన్‌లో తెలిసింది.

ట్యూబ్‌లో ఆర్నోస్ గ్రోవ్ వరకు వెళ్లి, కాస్త నడిస్తే న్యూ సౌత్‌గేట్ శ్మశానం. అక్కడ తెల్లటి పాలరాతి స్తంభం, దానిమీద భూగోళం, ఆపైన రెక్కలు విప్పిన బంగారు రంగు గద్ద. కింద ఉన్నది షోగీ ఎఫెండీ, బహాయీ మత స్థాపకుడు బహావుల్లాకి మునిమనవడు. తాత అబ్దుల్ బహా 1921లో చనిపోతూ వీలునామాలో ఈయన్నే మతానికి ‘గార్డియన్’ని చేశారు. అప్పటికి వయసు 24.

1957లో పనిమీద లండన్ వచ్చి, నవంబర్ 4న ఇక్కడే కన్నుమూశారు. చనిపోయిన చోటి నుంచి గంట ప్రయాణం దాటి తీసుకెళ్లకూడదని బహాయీల నియమం. అందుకే హైఫాలో ఉండే మనిషి ఇక్కడే ఉండిపోయారు.

చిక్కేంటంటే, ఆయనకి పిల్లల్లేరు. వీలునామా కూడా దొరకలేదు. మరి తర్వాత ఎవరు?

ఆ నెలలోనే 26 మంది పెద్దలు హైఫాకి దగ్గర్లోని బహ్జీలో కూర్చుని, వారసుడి పేరు ఎక్కడా లేదని సంతకాలు చేశారు. అందులో అమెరికన్ ఆర్కిటెక్ట్ మేసన్ రీమీ సంతకమూ ఉంది. 1960లో ఆయనే ‘నేనే రెండో గార్డియన్‌ని’ అన్నారు. షోగీయే తనని అంతర్జాతీయ మండలికి అధ్యక్షుణ్ని చేశారు, వారసత్వం అందులోనే ఉందని ఆయన వాదన. గార్డియన్ బహావుల్లా వంశంవాడే కావాలి కదా అని మిగతావాళ్లు ఒప్పుకోలేదు. చివరికి వెలివేశారు. 1963లో ఎన్నికలు పెట్టి, తొమ్మిది మందితో విశ్వ న్యాయ మందిరం ఏర్పాటు చేశారు. బహాయీల్లో అత్యధికులు ఇప్పటికీ దాని మాటే వింటారు. రీమీ వైపు చిన్న చిన్న గుంపులే మిగిలాయి.

మా తాతయ్య కూడా కాగితం రాయకుండానే పోయారు. రెండెకరాల దగ్గర నాన్నకీ, బాబాయ్‌కీ ఆరేళ్లుగా మాటల్లేవు. తద్దినం మాత్రం ఇద్దరూ పెడతారు, విడివిడిగా. ఇక్కడా అంతే. ఈ సమాధిలో ఉన్నాయన రెండు వైపులవాళ్లకీ గార్డియనే. ఆయన మీద ప్రేమలో తేడా లేదు, ఆయన తర్వాత ఎవరన్న దగ్గరే గొడవ.

గద్ద ఫొటో మా ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టాను. బాబాయ్ అందులోంచి ఎప్పుడో ఎగ్జిట్ అయ్యారు. ఆయనకి విడిగా పంపాను.