వాన దాటని కబురు

2014 అక్టోబరు 12, తెల్లవారుజాము. హుద్‌హుద్ తుపాను మధ్యాహ్నానికి విశాఖ వద్ద తీరం దాటుతుందని వార్త. అనకాపల్లిలో మా ఇంట అమ్మా నేనూ నిద్ర లేకుండా టీవీ ముందు కూర్చున్నాము. కరెంటు పోయినా ఇన్వర్టరు నడుస్తోంది. తుపాను ఎంత దూరంలో ఉన్నదో చెబుతూండగానే బొమ్మ గళ్ళు గళ్ళుగా చెదిరి, తెర మీద "సిగ్నల్ లేదు" అన్న మాట మిగిలింది.

"గాలికి డిష్ తిరిగిపోయినట్టుంది, ఒక్కసారి చూసి రారా" అంది అమ్మ.

టార్చి పట్టుకుని మేడెక్కాను. డిష్ ఉన్నచోటే ఉంది. అయినా వంగి బోల్టు బిగిస్తూండగా, ఎవరింటి రేకో నా తల మీదుగా ఎగిరి వీధిలో పడింది. కిందికి వచ్చాక చాలాసేపటి వరకు కాళ్ళ వణుకు తగ్గలేదు.

డిష్‌లో లోపమేమీ లేదని తరువాత చదివి తెలుసుకున్నాను. భూమధ్యరేఖకు ఎగువన సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున నిలిచిన ఉపగ్రహం నుండి ఆ సంకేతం శూన్యమంతా నిరాటంకంగా దాటి వస్తుంది. దాన్ని ఓడించేది చివరి ఐదారు కిలోమీటర్ల వాన. ఇళ్ళ మీది చిన్న డిష్‌లు అందుకునే కేయూ బ్యాండు తరంగాల పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లు. కొన్ని మిల్లీమీటర్ల వాన చినుకులు వాటిని కొంత పీల్చుకుంటాయి, కొంత చెదరగొడతాయి. కేబుల్ ఆపరేటర్ల పెద్ద డిష్‌లకు వచ్చే సీ బ్యాండు తరంగాల పొడవు ఏడున్నర సెంటీమీటర్లు; వాటిని వాన అంతగా బాధించదు.

మరొక సంగతి నన్ను మరింత ఆశ్చర్యపరిచింది. వాన సంకేతాన్ని మింగడంతో ఊరుకోదు. తనలోని వేడిమి వల్ల తానే సన్నని రేడియో సవ్వడి చేస్తుంది. నిర్మలాకాశం ఆ తరంగాలకు చల్లగా, నిశ్శబ్దంగా ఉంటుంది. జడివాన ఆ నిశ్శబ్దాన్ని నింపేస్తుంది. డిజిటల్ ప్రసారం కొంతవరకు పొరపాట్లు దిద్దుకుంటూ బొమ్మను నిలుపుతుంది. ఆ హద్దు దాటగానే ఒక్కసారిగా చేతులెత్తేస్తుంది. అందుకే మసకబారడం లేదు; ఉంటే ఉంటుంది, లేకుంటే లేదు.

అంటే, ఆ వేళ మేడ మీద నేను బిగించిన బోల్టుకూ ఆగిన వార్తకూ సంబంధమే లేదు. వాన తగ్గితే బొమ్మ దానంతట అదే వస్తుంది.

ఈ సంగతంతా అమ్మకు చెప్పాను. ఆవిడ కాసేపు మౌనంగా ఉండి, "ఆ మాట అప్పుడే తెలిసుంటే నిన్ను పైకి పంపేదాన్ని కాదురా" అంది.

ఇప్పుడు వానలో టీవీ ఆగితే మా ఇంట ఎవరూ మేడెక్కరు. అమ్మ అలమరలోంచి బ్యాటరీ రేడియో తీస్తుంది.