రాయగడలో ఇటలీ విందు

1936లో ఒడిశా ఏర్పడేదాకా కోరాపుట్ సీమ మద్రాసు రాజధానిలోదే. 1992లో దాన్నుంచి విడిపోయి జిల్లా అయిన రాయగడలో మన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. పిల్లల ముచ్చట తీర్చడానికి అక్కడి ఓ ఇటాలియన్ హోటలుకి రెండుసార్లు వెళ్లాం. మొదటిసారి పాస్తా ముద్దయిపోయింది, పైన తియ్యటి టమాటా సాసు. రెండోసారి పిజ్జా అట్టముక్కే! బిల్లు మాత్రం ఘనం. పిల్లలు సగం వదిలేశారు.

ఇటలీవారు పాస్తాను పులిహోర అన్నంలా పలుకుమీదే దించుతారు. వాళ్ల వంటకి ప్రాణం ఊరి పంట. మనకూ కొదవేముంది? 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన కోరాపుట్ కాలాజీర వాసన బియ్యం, కొండల్లో పండే చోళ్లు ఉన్నాయి. వాటి రుచి హోటళ్లు చూపకపోతే, పిల్లలకి చూపాల్సింది మన వంటిళ్లే కదండీ!