మా భైరవుడి పథ్యం

పిల్లలూ! మా ఇంట్లో భైరవుడనే కుక్క ఉన్నది. జాతికుక్క కాదు, వీధిలో పుట్టిన ఊరకుక్కే. వానలో తడుస్తూ మా అరుగెక్కి కూచుంటే మా ఆవిడ ఇంత పెరుగన్నం పెట్టింది. ఇక వాడు అరుగు దిగలేదు.

వాడికి మూడేళ్ళు వచ్చేసరికి, అంటే 2022 వేసవిలో, దురద పట్టుకున్నది. చెవులు గోక్కునేవాడు, పాదాలు నాక్కునేవాడు, పొట్టను గచ్చుకేసి రుద్దుకునేవాడు. పొట్ట మీద వెంట్రుకలు ఊడి ఎర్రగా పుండ్లు పడ్డాయి. రాత్రిళ్ళు వాడు గోక్కునే చప్పుడుకు మాకు నిద్ర ఉండేది కాదు. వేపాకు ఉడికించిన నీళ్ళు పోశాం, పసుపు రాశాం. ఏమీ లాభం లేకపోయింది. ఇరుగుపొరుగువాళ్ళు, "మాస్టారూ, దీన్ని ఎక్కడైనా వదిలేసి రండి, పిల్లలున్న ఇల్లు," అనసాగారు.

సెలవులకు వచ్చిన మా మనవడు ఒక ఉపాయం చెప్పాడు. వాడు తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. సెల్‌ఫోనులో ఏదో చదివి వచ్చి, "తాతయ్యా! కుక్క తోడేలు జాతిది. తోడేలు పొయ్యి మీద వండుకుంటుందా? పచ్చిమాంసం, పచ్చి ఎముకలు పెడితే దురద పోతుందట!" అన్నాడు.

ఈ పద్ధతికి పెద్ద పేరే ఉన్నది. ఆస్ట్రేలియాలో ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్ అనే పశువైద్యుడు 1993 లో దీని గురించి ఒక పుస్తకం రాశాడు. అప్పటినుంచి చాలా దేశాల్లో కుక్కలు పెంచేవాళ్ళు ఈ దారి పట్టారు. సరే, మేమూ పట్టాం. పది రోజులు పచ్చి కోడిమాంసం పెట్టాం. భైరవుడు పరమానందంగా తిన్నాడు. అంతే పరమానందంగా గోక్కున్నాడు!

అప్పుడు పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. ఆయన ముందుగా సన్నపళ్ళ దువ్వెనతో వాడి ఒళ్ళంతా దువ్వి గోమార్లు, పిడుదులు ఉన్నాయేమో చూశాడు. కుక్కల దురదకు చాలాసార్లు అవే కారణమట. వాటికి మందు వేసి, ఆ తరవాత మా మనవడు చెప్పినదంతా ఓపికగా విన్నాడు.

"బాబూ, తోడేలు మాట కొంత నిజమే. కాని కుక్క వేల ఏళ్ళుగా మనిషి పెట్టిన తిండి తిన్నది. 2013 లో స్వీడన్ శాస్త్రజ్ఞులు తోడేళ్ళనూ కుక్కలనూ పోల్చి చూశారు. అన్నంలో ఉండే పిండిపదార్థాన్ని అరిగించే జన్యువులు తోడేలుకు రెండే ఉంటే, కుక్కకు నాలుగు నుంచి ముప్ఫై దాకా ఉన్నాయి. అదీగాక, దీనికి కోడిమాంసమే పడకపోతే, పచ్చిదైనా వండినదైనా అది కోడిమాంసమే గదా?" అన్నాడు.

"పడకపోవటం" అనే మాట చూశారా! ఒకరికి వంకాయ పడదు, ఇంకొకరికి రొయ్యలు పడవు అంటాం. ఇలాంటి దానికే వియన్నా నగరపు వైద్యుడు పిర్కే 1906 లో "ఎలర్జీ" అని పేరు పెట్టాడు. ఒంట్లోకి వచ్చే సూక్ష్మజీవులతో పోరాడటానికి మన శరీరంలో కాపలావాళ్ళు ఉంటారు. వాళ్ళు ఒక్కొక్కసారి పొరబడి, రోజూ వచ్చిపోయే చుట్టాన్నే దొంగ అనుకుని కేకలు పెడతారు. తిండిలో ఉండే మాంసకృత్తులే ఆ చుట్టాలు. ఆ కేకలే దురద, దద్దు, వాపు. తమాషా ఏమంటే, కొత్త తిండి కన్న అలవాటైన తిండే ఎక్కువగా పడకుండా పోతుంది. అంచేత, "ఇన్నాళ్ళూ తిన్నదే గదా" అని వాదించి లాభం లేదు.

తిండి పడని 297 కుక్కల వివరాలు పోగుచేసి 2016 లో కొందరు శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. వందకు 34 కుక్కలకు గొడ్డుమాంసం, 17 కుక్కలకు పాలపదార్థాలు, 15 కుక్కలకు కోడిమాంసం, 13 కుక్కలకు గోధుమ పడలేదు.

డాక్టరు మరొక ప్రశ్న వేశాడు: "ఇంట్లో చిన్నపిల్లలున్నారా?"

మా మనవరాలికి అప్పుడు ఏడేళ్ళు. భైరవుడు రోజుకు పదిసార్లు దాని మొహం నాకుతాడు. పచ్చిమాంసంలో సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండవచ్చుననీ, కుక్క ఏ జబ్బూ లేనట్టే తిరుగుతూ దాన్ని మనుషులకు అంటించవచ్చుననీ ఆయన చెప్పాడు. మాంసాన్ని ఫ్రిజ్‌లో గడ్డకట్టించినా అది చావదు. బాగా ఉడికిస్తే చస్తుంది. (సాల్మన్ అనే చేపకూ దీనికీ సంబంధం లేదు. డేనియల్ సాల్మన్ అనే అమెరికా పశువైద్యుడి పేరు దీనికి పెట్టారు.) ఉడికించిన ఎముకలు మటుకు పెట్టరాదు. అవి సూదుల్లా చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి.

ఇక వైద్యం ఏమిటంటే, పథ్యం! భైరవుడు పుట్టినప్పటినుంచి తిన్నవన్నీ మేము కాగితం మీద రాశాం. అందులో లేని తిండి ఒకటి కావాలన్నాడు డాక్టరు. మా ఆవిడకు నీచువాసన గిట్టదు గనక మా యింట్లోకి చేప ఎన్నడూ రాలేదు. అంచేత ఉడికించిన కొరమేనూ చిలగడదుంపా వాడికి కుదిరాయి. కొరమేనుకు ముళ్ళు తక్కువ. ధర మాత్రం తక్కువ కాదు. ఎనిమిది వారాలు అవి తప్ప మరొకటి వాడి నోట పడకూడదు.

మా మనవరాలు ఒక నోటుపుస్తకంలో గళ్ళు గీసి, సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా వాడు ఎన్నిసార్లు గోక్కున్నదీ రాయసాగింది. మొదటి రోజు 41. మూడోవారం చివర 12. నాలుగోవారం 7. పొట్ట మీద లేతవెంట్రుకలు కూడా మొలిచాయి. అయిదోవారంలో లెక్క ఒక్కసారిగా 23 కు పోయింది!

ఎవరో వాడికి ఏదో పెట్టారన్నమాట. బిస్కెట్ల డబ్బాలో రెండు బిస్కెట్లు తక్కువయ్యాయి గనక అందరూ మా మనవరాలినే అనుమానించారు. "నేను తిన్నాను, వాడికి పెట్టలేదు," అని అది ఏడ్చింది. ఎవరూ నమ్మలేదు. ఆ రాత్రి అది అన్నం తినకుండా పడుకున్నది.

నేను ఏమీ మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడలేదో చెబుతాను. నాకు రాత్రి భోజనంలో పెరుగన్నం చివరి ముద్ద భైరవుడికి పెట్టటం అలవాటు. నాలుగు వారాలు మానుకున్నాను. కాని ఒక రాత్రి వాడు నా మోకాలి మీద గడ్డం ఆనించి చూస్తే చెయ్యి ఆగలేదు. వేలెడంత ముద్దే గదా అనుకున్నాను. మూడు రాత్రులు అలాగే చేశాను. తప్పు చేసి మౌనంగా నిలబడిన పిల్లలను ముప్ఫై ఏళ్ళకు పైగా బెంచీ ఎక్కించినవాణ్ణి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పొద్దున్నే అందరినీ పిలిచి ఉన్నమాట చెప్పాను. మా ఆవిడ ఏమీ అనలేదు, కాఫీ మటుకు ఆలస్యంగా ఇచ్చింది. మనవరాలు నోటుపుస్తకం తెచ్చి, 23 పక్కన ఎర్రసిరాతో, "తాతయ్య - పెరుగన్నం," అని రాసింది. ఆ తరవాత గాని నాతో మాట్లాడలేదు.

ఎనిమిది వారాల లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలయింది. అది పూర్తి అయ్యేసరికి రోజు లెక్క 3 కు దిగింది. కాని పథ్యంతో దురద తగ్గినంతమాత్రాన అసలు దొంగ దొరికినట్టు కాదు. పాత తిండ్లను ఒక్కొక్కటిగా పెట్టి చూడాలి. ముందు, ఉడికించిన కోడిమాంసం రెండు వారాలు పెట్టాం. ఏమీ కాలేదు. తరవాత గోధుమరొట్టె, బియ్యం, గుడ్డు. దేనికీ ఏమీ కాలేదు. చివరకు పెరుగు పెట్టాం. మూడోనాటికి పాదాలు నాక్కోవటం మొదలుపెట్టాడు!

పచ్చిమాంసం పెట్టిన పది రోజులూ దురద ఎందుకు తగ్గలేదో అప్పుడు తెలిసింది. రాత్రిళ్ళు నా చివరి ముద్ద వాడికి అందుతూనే ఉన్నది గదా! పాపం, కోడిమాంసం తప్పేమీ లేదు, మా మనవడి ఉపాయం వల్ల వచ్చిన లాభమూ లేదు. కొన్ని కుక్కలకు పాలు అరక్క విరేచనాలవుతాయి. అది పాలలోని చక్కెర వల్ల వచ్చే బాధ, ఇది వేరు.

ఇప్పుడు భైరవుడు వండిన కోడిమాంసం, అన్నం, కూరముక్కలు తింటున్నాడు. ఒట్టి మాంసంలో సున్నం చాలదు గనక డాక్టరు ఇచ్చిన పొడి ఒకటి కలుపుతాం. పాలు, పెరుగు, పాలు కలిసిన బిస్కెట్లు వాడికి బంద్.

సెలవులకు వచ్చినప్పుడల్లా రాత్రి భోజనాల వేళ మా మనవరాలు నా కంచం పక్కనే కూచుంటుంది. భైరవుడికి కాపలా అని అందరికీ చెబుతుంది. కాని అది చూసేది భైరవుడి వంక కాదు, నా చేతి వంక.