కిలుము పట్టిన కంప్యూటరు

1991వ సంవత్సరమున కొమొడోర్ అను అమెరికా సంస్థ అమీగా 500 ప్లస్ అను కంప్యూటరును విక్రయమునకు తెచ్చెను. కీబోర్డును, కంప్యూటరును ఒకే పెట్టెలో ఇమిడియుండు ఈ యంత్రమును టెలివిజనునకు తగిలించి వాడుకొనెడివారు. దీని ప్రాసెసరు మోటరోలా 68000. దీని మెమరీ 1 మెగాబైటు మాత్రమే. నేటి ఫోనుల ముందు ఇది సముద్రము చెంత నీటిబొట్టు. ఐనను నాలుగు స్వరమార్గములతో సంగీతము పలికించి, 4096 వన్నెలలో బొమ్మలు చూపి, ఆనాటి బ్రిటను, జర్మనీ దేశముల బాలబాలికలను ఇది మురిపించెను. 1994లో ఆ సంస్థ దివాలా తీసెను. యంత్రములు మెల్లమెల్లగా అటకలెక్కెను.

అట్టి యంత్రమొకటి ఇంగ్లండులోని ఒక ఇంట అటకపై ముప్పదియేండ్లు పడియున్నదనుకొనుడు. బాల్యమున దానిపై పాటలు కట్టిన పిల్లవాడు నేడు నడివయస్కుడు. ఆ పాటలన్నియు ఫ్లాపీలలో నున్నవి. ఒక్కొక్క ఫ్లాపీపై 880 కిలోబైట్లు వ్రాయు అమీగా పద్ధతి వేరగుటచే సాధారణ కంప్యూటరు వానిని చదువజాలదు. 1985లో చిత్రకారుడు ఆండీ వార్హోల్ ఈ కుటుంబపు తొలి యంత్రముపై గీసిన బొమ్మలును ఇట్లే ఫ్లాపీలలో మూగవై పడియుండి, 2014లో గాని బయటపడలేదు. ప్రత్యేక పరికరములతో ఫ్లాపీలకు నకలు తీయువారు నేడు లేకపోలేదు. కాని ఆ నడివయస్కునికి చేతికందిన తాళపుచెవి తన పాత యంత్రమే. మూత విప్పి చూడగా, లోపలి మదర్‌బోర్డుపై ఒక మూల తెల్లని పొడియు, దానిచుట్టు పచ్చని కిలుమును పేరుకొనియుండెను.

ఇది బ్యాటరీ చేసిన పని. కంప్యూటరు ఆపియున్నప్పుడును లోని గడియారము నడచుటకై మదర్‌బోర్డుపై 3.6 వోల్టుల నికెల్-కాడ్మియం బ్యాటరీని అతికిరి. ఈ జాతి బ్యాటరీని 1899లో స్వీడన్ దేశీయుడగు వాల్డెమార్ యుంగ్నర్ కనిపెట్టెను. దీని కడుపులో నుండునది పొటాషియం హైడ్రాక్సైడ్ అను ఘాటైన క్షారము. యంత్రము నడచుచున్నంతకాలము బ్యాటరీ నిండుచుండును. ఏండ్ల తరబడి మూలబడినచో పూర్తిగా ఖాళీయై, దాని మూతలు బలహీనపడి, క్షారము బయటికి ప్రాకును. రాగి తీగచాళ్లను, చిప్పుల కాళ్లను, సాకెట్లను మెల్లగా తినివేయును. గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలసి కొంత క్షారము తెల్లని పొడి యగును. అంతకుముందటి అమీగా 500లో ఈ బ్యాటరీ వేరుగా తగిలించు మెమరీ కార్డుపై నుండెడిది. కారినను చాలవరకు ఆ కార్డు మాత్రమే చెడెడిది. ప్లస్‌లో దానిని మదర్‌బోర్డుపైకే తెచ్చిరి. సమయము చూపుటకు పెట్టిన చిన్నవస్తువు యంత్రము మొత్తమునకే చేటు తెచ్చుట విడ్డూరమే.

ఇట్టి వేళ మనుష్యుని తొలి కోరిక ఒక్కసారి స్విచ్చి వేసి చూడవలెననుట. అదియే చేయరానిది. కిలుము సోకిన రెండు చాళ్ల నడుమ విద్యుత్తు అడ్డదారి పట్టినచో, మిగిలియున్న చిప్పులును దగ్ధమగును. వానిని తయారుచేయువారు నేడు లేరు. కావున ఆయన ముందుగా చేతులకు తొడుగులు, కండ్లకు అద్దములు ధరించెను. కాడ్మియం విషలోహము, క్షారము కంటికి మహాపకారి. బ్యాటరీని కత్తిరించి తీసి, ఎలక్ట్రానిక్ వ్యర్థములు సేకరించు చోటికి పంపుటకై వేరుగా నుంచెను.

పిమ్మట వెనిగరును కొంచెము నీటితో కలిపి, మెత్తని కుంచెతో ఆ మూలను కడిగెను. ఆమ్లము తగులగానే తెల్లని పొడి బుసబుస పొంగెను. ఇత్తడి చెంబునకు పట్టిన కిలుమును చింతపండుతో తోము మన ఇల్లాండ్రకు ఈ పులుపు మహిమ క్రొత్త గాదు. అయితే చెంబును తోమి బోర్లించిన చాలును. ఇచ్చట పులుపు మిగిలినను ముప్పే. అందుచే బట్టియెక్కించిన నీటితో పలుమారులు కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, ఒక దినమంతయు ఆరనిచ్చెను.

అసలు కష్టము అటుపిమ్మట మొదలయ్యెను. క్షారము సోకిన టంకము బూడిదవన్నెకు తిరిగి, ఎంత వేడికిని సరిగా కరుగదు. విసుగుచెంది ఇంకను కాల్చినచో రాగిచాలే పొరవలె లేచివచ్చును. ఆయన క్రొత్త టంకమును, ఫ్లక్సును చేర్చి, పాతదానిని మెత్తపరచి, చెడిన సాకెట్టును ఒక్కొక్క కాలుగా ఊడదీసెను. ఆ పని ఒక సాయంకాలమును మ్రింగెను. గాజునారతో చేసిన కలముతో నల్లబడిన చాళ్లను ఎఱ్ఱని రాగి మెఱయువఱకు గీకెను. క్రొత్త సాకెట్టు నతికి, గడియారమునకు నాణెపు బ్యాటరీని పలకకు దూరముగా తీగతో వ్రేలాడదీసెను. అది 3 వోల్టులది, మరల నింపరానిది. యంత్రము దానిలోనికి విద్యుత్తును నెట్టకుండ నడుమ నొక డయోడు నుంచెను. కొందరు బ్యాటరీయే పెట్టరు. గడియారము పోయినను పలక దక్కునని వారి లెక్క. అది తెలివైన లెక్కయే.

అప్పుడు స్విచ్చి వేసెను. తెరయంతయు పచ్చబడెను. అమీగా తన వ్యాధిని రంగులతో చెప్పుకొనును: ఎరుపైనచో రామ్ గాక రోమ్ చెడెనని, పచ్చనైనచో మెమరీ అందుటలేదని అర్థము. వెంటనే స్విచ్చి తీసి, సంస్థవారి పాత సర్క్యూటు పటమును ముందు పరచుకొని, మల్టీమీటరుతో మెమరీ చిప్పులకు పోవు చాళ్లను ఒక్కొక్కటిగా పరీక్షించెను. కొనసాగుచున్న చాలునకు మీటరు కూయును. కూయుచు, కూయుచు, ఒకచోట అది మౌనము వహించెను. పైకి ఆ చాలు నిక్షేపముగా నున్నది. పలక యొక ప్రక్కనుండి రెండవ ప్రక్కకు దాటు సూదిమొనయంత రంధ్రములో క్షారము దూరి, లోని రాగిని తినివేసినది. వెండ్రుకవంటి తీగతో ఆయన ఆ రెండు కొనలను కలిపెను.

ఈసారి తెర క్షణకాలము బూడిదవన్నె దాల్చి, ఫ్లాపీ యొకటి డ్రైవులోనికి జొరబడుచున్న బొమ్మను చూపెను. యంత్రము ఫ్లాపీ నడుగుచున్నది. ఆయన ముందుగా యంత్రముతో వచ్చిన ఫ్లాపీని పెట్టి, అది చక్కగా నడచునని తెలిసికొన్న తరువాతనే, తన చిన్ననాటి అక్షరములతో చీటీ అంటించిన ఫ్లాపీని చేతికి తీసికొనెను. దానిపై వ్రాయుటకు వీలులేకుండ మూలనున్న మీటను జరిపి, డ్రైవులో నుంచెను. డ్రైవు కటకటలాడి, చదువ నారంభించెను.