అతిథి నవ్వుతూ వెళ్ళాలి

కొత్తగూడెం నుంచి భద్రాచలం వెళ్ళే దారిలో పాల్వంచ వస్తుంది. ఒకవైపు థర్మల్ విద్యుత్ కేంద్రపు పొగగొట్టాలు, మరోవైపు కిన్నెరసాని అడవి. ఆ ఊళ్ళో ఒకే పెరటిని పంచుకుని జీవిస్తున్న ముగ్గురు తోడికోడళ్ళం మేము. పిల్లల చదువులకు చేదోడుగా ఉంటుందని కొంతకాలం వంటింటి డబ్బాలు అమ్మాము. మాకు దుకాణం లేదు. నెలకొకసారి ఇరుగుపొరుగు స్త్రీలను ఇంటికి పిలిచి, టీ ఇచ్చి, సరదాగా ఆటలాడించి, ఆ తర్వాత సరుకు చూపించడమే ఆ వ్యాపార పద్ధతి. ఆ ఆటల్లో మేము చేసిన ఒక పొరపాటును, దానిని దిద్దుకున్న తీరును సోదరీమణుల ముందుంచాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. అమెరికాలో టప్పర్‌వేర్ డబ్బాలు దుకాణాల్లో ఆశించినంతగా అమ్ముడుపోలేదు. మూత ఎలా బిగించాలో చేసి చూపించేవారు లేకపోవడమే అందుకు కారణం. బ్రౌనీ వైజ్ అనే మహిళ ఇళ్ళలో విందులు ఏర్పాటు చేసి, ఆడించి, నవ్వించి, ఆ డబ్బాలను విరివిగా అమ్మింది. అది గమనించిన సంస్థ 1951లో ఆ విభాగాన్ని ఆమెకే అప్పగించి, దుకాణాల్లో అమ్మకం మానుకుంది. 1996లో ఆ సంస్థ మన దేశానికి వచ్చింది. కాలక్రమంలో అనేక సంస్థలు అదే బాట పట్టాయి. మేము చేరినది వాటిలో మరొకటి; దాని పేరు ఇక్కడ అనవసరం.

మా ప్రాంతంలో గట్టి మూత ఉన్న డబ్బాకు విలువ ఎక్కువ. వానాకాలంలో అడవి గాలికి ఉప్పు నీరవుతుంది, పప్పుకు పురుగు పడుతుంది. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటినప్పుడు మా బంధువుల ఇంట్లో బియ్యం, పిండి అన్నీ తడిసి పాడయ్యాయి. గట్టి మూత ఉన్న రెండు డబ్బాల్లోని సరుకు మాత్రమే మిగిలింది. అందుచేత మా సరుకు మంచిదేనన్న నమ్మకం మాకు ఉండేది. ఆ సరుకును అమ్మిన తీరే మంచిది కాదు.

నగరం నుంచి శిక్షణ ఇవ్వడానికి వచ్చిన ఒక సోదరి మాకు కొన్ని ఆటలు నేర్పింది. వాటిలో అందరికీ నచ్చింది రింగుల ఆట. చాప మీద డబ్బాలు వరుసగా పేర్చాలి. రింగు ఒక్కింటికి 50 రూపాయలు. విసిరిన రింగు దేని మీద పడితే అది వారిదే. పడకపోతే సొమ్ము మాది. ఆట వేడెక్కాక మాలో చిన్నామె స్నేహితురాలు, ముందే అనుకున్న ప్రకారం, “నాకు రెండు సెట్లు వ్రాయండి” అని బిగ్గరగా అనాలి. ఆ వెంటనే వరుసగా ఒక్కొక్కరినీ పేరుపెట్టి అడిగి, అందరి ఎదుట ఆర్డరు వ్రాసుకోవాలి.

అలాంటి ఒక సాయంత్రం మా వీధి చివర కుట్టుమిషనుతో కుటుంబాన్ని పోషించుకుంటున్న ఖాలా కూడా వచ్చారు. భర్త పోయి చాలా ఏళ్ళైంది. ఆమె నవ్వుతూనే నాలుగు రింగులు విసిరారు. ఒక్కటీ పడలేదు. అందరూ చప్పట్లు కొట్టి నవ్వారు, మేమూ నవ్వాము. తర్వాత ఆమె వంతు రాగానే 900 రూపాయల సెట్టు వ్రాయించుకుని, చీర కొంగు ముడి విప్పి డబ్బు లెక్కపెట్టి ఇచ్చారు. ఆ రాత్రి లెక్క చూసుకుని, ఎప్పుడూ రానంత లాభం వచ్చిందని సంతోషించాము.

నాలుగు రోజుల తర్వాత, ఖాలా కొడుకు ఇంటర్ పరీక్ష రుసుము కోసం పక్కింట్లో అప్పు అడుగుతున్నారని మా పెద్దామెకు తెలిసింది. మా ఇంట్లో ఖర్చయింది ఆ రుసుము డబ్బే. ఆ పూట మా ముగ్గురికీ అన్నం సహించలేదు.

ఆ రాత్రి మేము చదివిన పుస్తకాలనే మళ్ళీ తెరిచాము. ఇస్లాంకు పూర్వం అరబ్బుల్లో కంకర విసిరే బేరం ఒకటుండేది. విసిరిన రాయి ఏ బట్ట మీద పడితే ఆ బట్ట అమ్ముడైనట్లే. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఆ బేరాన్ని నిషేధించారని హదీసు గ్రంథాల్లో ఎన్నోసార్లు చదివాము. కాని మన కాలానికి సంబంధం లేని సంగతిగా భావించి పేజీ తిప్పేశాము. మా చాప మీద జరిగినది అదే బేరం. కంకర స్థానంలో రింగు వచ్చింది, అంతే. కొనే ఉద్దేశం లేనివారు ధర పెంచడానికి, ఇతరులను ఊరించడానికి బేరంలో దిగడాన్ని ‘నజ్ష్’ అంటారు. దానినీ ఆయన వారించారు. మా చిన్నామె స్నేహితురాలి చేత మేము పలికించిన మాట దానికంటే వేరు కాదు. జూదం మనుషుల మధ్య ద్వేషం రేపుతుందని దివ్యఖుర్ఆన్ మాయిదా సూరా హెచ్చరిస్తోంది. పరస్పర అంగీకారంతో జరిగే వర్తకమే ధర్మసమ్మతమని నిసా సూరా బోధిస్తోంది. ఖాలా అంగీకరించారా? పెదవులు అవునన్నాయి. మనసును మేము అడగనే లేదు.

మరునాడు ముగ్గురమూ ఆమె ఇంటికి వెళ్ళాము. రింగులకు తీసుకున్న 200, సెట్టుకు తీసుకున్న 900, మొత్తం 1,100 రూపాయలు ఆమె ముందుంచాము.

“ఖాలా, తప్పు మాది. మమ్మల్ని మన్నించండి. సెట్టు మేము తిరిగి తీసుకుంటాము” అన్నది మా పెద్దామె.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, “మీ ఇంట్లో టీ తాగి, అందరూ చూస్తుండగా ఉత్త చేతులతో ఎలా లేచి వెళ్ళను బేటీ?” అన్నారు.

మా వ్యాపార రహస్యమంతా ఆ ఒక్క మాటలో ఉంది. మేము డబ్బాలు అమ్మలేదు, ఆమె మొహమాటాన్ని కొన్నాము. అతిథి మర్యాద మనకు అల్లాహ్ ఇచ్చిన గొప్ప గుణం. దానినే వలగా పన్నాము.

తర్వాత మేము ఆటలు మానలేదు, మార్చాము. అడగగా, మాకు ఖుర్ఆన్ పాఠం చెప్పే ఆలిమా ఒక సూత్రం చెప్పారు: ఆడేవారి నుంచి పైసా తీసుకోకుండా, ఆతిథ్యమిచ్చేవారు తమ సొంత డబ్బుతో ఇచ్చే కానుక జూదం కాదు. పాచికల ఆటలను హదీసులు నిరాకరించాయి గనుక వాటి జోలికి పోవద్దని కూడా చెప్పారు. ఆ ప్రకారం మూడు ఆటలు ఎంచుకున్నాము.

మొదటిది వాసన ఆట. పది చిన్న డబ్బాల్లో షాజీరా, యాలకులు, మెంతులు, ఎండిన ఇప్పపువ్వు వంటివి వేసి, కళ్ళకు గంతలు కట్టి, వాసన బట్టి పేరు చెప్పమంటాము. మూత వాసనను ఎంతవరకు నిలుపుతుందో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. దుమ్ముగూడెం వైపు నుంచి వచ్చిన ఒక కోయ సోదరి పదికి పది చెప్పింది. ఇప్పపువ్వు ఏ చెట్టు కింద ఎలా ఏరుతారో, ఎలా ఆరబెడతారో ఆమె వివరిస్తుంటే అందరం డబ్బాల సంగతే మరచిపోయాము. రెండవది గచ్చకాయల ఆట. చేతి ఒడుపే తప్ప ఇందులో పందెం లేదు. మోకాళ్ళ నొప్పులున్న నానీమాలు కూడా కూర్చునే ఆడతారు. మూడవది ఒకరు తెలుగులో పొడుపుకథ వేస్తే, మరొకరు ఉర్దూలో పహేలీ వేయడం. పక్కింటి వదినలు, మా ఆపాలు రెండు జట్లుగా విడిపోతే ఇల్లంతా నవ్వులే. గెలిచినవారికీ ఓడినవారికీ అదే కానుక: ఒక పొట్లం ఖర్జూరాలు.

అమ్మకానికీ హద్దులు పెట్టుకున్నాము. ఇది అమ్మకపు సమావేశమని పిలిచేటప్పుడే చెప్తాము. ధర ప్రతి వస్తువు మీదా వ్రాసి ఉంటుంది. లోపముంటే మేమే ముందు చూపిస్తాము. ధాన్యపు కుప్పలో చేయి పెట్టి అడుగున దాచిన తడిని బయటపెట్టిన ప్రవక్త (స) మన ముందున్నారు కదా! ఆర్డరు ఎవరినీ అడగము. కావలసినవారు మరునాడు విడిగా చెప్తారు. 2021లో మన ప్రభుత్వం తెచ్చిన ప్రత్యక్ష అమ్మకాల నియమాలు కూడా ఇంచుమించు ఇవే చెప్తున్నాయి. అమ్మేవారు తామెవరో, ఎందుకు వచ్చారో మొదటే చెప్పాలి. చేరడానికి రుసుము అడగరాదు. మనుషులను చేర్పించి డబ్బు సంపాదించే గొలుసుకట్టు పథకాలు నిషిద్ధం. ఏ సంస్థలోనైనా చేరబోయే సోదరీమణులు ముందుగా ఈ నియమాలు తెలుసుకోవడం మంచిది.

నిజం చెప్పాలంటే మా అమ్మకాలు సగానికి పడిపోయాయి. సంస్థ పెట్టిన లక్ష్యం చేరలేక కొన్ని నెలల తర్వాత ఆ పని మానుకున్నాము. పెద్ద వర్తకురాలైన హజ్రత్ ఖదీజా (ర) అడుగుజాడల్లో నడుస్తున్నామని ఒకప్పుడు గర్వపడిన మేము, వర్తకంలో నీతి లాభం కంటే ముందు నడవాలని ఆలస్యంగా నేర్చుకున్నాము.

డబ్బాలు లేకపోయినా నెలకొక సాయంత్రం ఆ ఆటలు మా ఇంట్లో ఇప్పటికీ సాగుతున్నాయి. ఖాలా తప్పకుండా వస్తారు. గచ్చకాయల్లో ఆమెను ఓడించినవారు ఇంతవరకు లేరు. ఆట ముగిశాక ఆమె ఉత్త చేతులతో, నిండు నవ్వుతో గుమ్మం దాటుతారు. మన ఇంటికి వచ్చే ప్రతి అతిథీ అలాగే తిరిగి వెళ్ళే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.