జడ్చర్లలోఁ గత్తి కొనుట

హైదరాబాదునుండి బెంగుళూరునకుఁ బోవు 44వ జాతీయ రహదారిపై, పాలమూరు సీమలో జడ్చర్ల యున్నది. చుట్టును ఎఱ్ఱనేలలు, రాతిగుట్టలు, సీతాఫలపు పొదలు. ఇచ్చటఁ గంపఁ గొట్టుటకుఁ గత్తి లేక పని జరుగదు.

తళుకుఁ జూచి కత్తిని గొనరాదు. పిడిలోనికి దిగిన యినుపతోఁక పొట్టిదైనచో, దెబ్బకు అలుగూడి చేతినే నఱకును. అది కూలిచేయి యైనచో ఇంటిల్లిపాదికిని తిండి కఱవు. కావునఁ దోఁక పిడి తుదివఱకు నుండవలెను. పదను మీఱిన యలుగు పెళుసై విఱుగును. పదను చాలనిది వంగును. ఎండుకొమ్మపైఁ గొట్టించి అంచు పరీక్షింపుఁడు. తేమ తగిలిన ఉక్కు తుప్పుపట్టును. తుడిచి నూనె పూయుఁడు.

ఈ తెలంగాణముననే, నిజామాబాదు జిల్లాయందలి కోనసముద్రపు టుక్కునకై పూర్వము పారసీక వర్తకులు వచ్చెడివారు. ఉక్కు గుణ మెఱిఁగి కొనుట మన సీమకుఁ గొత్త గాదు.