నిజ్వా కాలువ ఒడ్డున

ఉద్యోగం కోసం గల్ఫ్ దేశాలకు వెళ్ళినవారికి శుక్రవారం ఎంత ప్రియమైనదో వేరుగా చెప్పనక్కరలేదు. చాలామందికి వారంలో ఆ ఒక్కరోజే సెలవు. బట్టలు ఉతుక్కోవడం, ఇంటికి ఫోను చేయడం, ఆరాధనకు వెళ్ళడం అన్నీ ఆనాడే. ఒమన్ రాజధాని మస్కట్‌లో ఉన్న కాలంలో మేము నలుగురు స్నేహితులము నెలకొక శుక్రవారం ఏదో ఒక ఊరు చూచి రావాలని అనుకున్నాము. ఒకరు జగిత్యాల, ఒకరు కడప, ఇద్దరము కోనసీమ. కారు అద్దె, పెట్రోలు ఖర్చు నాలుగు భాగాలు. పులిహోర చేయడం మాత్రం వంతులవారీగా!

అలా చూచినవాటిలో నిజ్వా పట్టణం మా మనస్సులలో నిలిచిపోయింది. అది మస్కట్‌కు సుమారు 160 కిలోమీటర్ల దూరం. అక్కడి మేకల సంత శుక్రవారం ఉదయమే జరుగుతుంది కాబట్టి తెల్లవారుజామున 4 గంటలకే బయలుదేరాము. అమ్మేవారు మేకలను తాళ్ళతో పట్టుకొని ధర కేకవేస్తూ గుండ్రంగా తిరుగుతారు. కొనేవారు ఆపి, పళ్ళు చూచి బేరమాడతారు. భాష రాకపోయినా బేరం మాకు బాగానే అర్థమైంది!

సంతకు దగ్గరలోనే 17వ శతాబ్దపు కోట ఉన్నది. దాని గుండ్రని పెద్ద బురుజు ఎక్కి చూస్తే చుట్టూ బోడికొండలు, మధ్యలో పచ్చని ఖర్జూరపు తోటలు. వాన ఇంత తక్కువ పడే నేలకు ఈ పచ్చదనం ఎక్కడిది? దీనికి జవాబు పట్టణం అంచున ఉన్న ఫలజ్ దారిస్ అనే కాలువ.

కొండల వైపు లోతుగా తల్లిబావి త్రవ్వి, అక్కడి ఊటనీటిని కొద్దిపాటి వాలుతో భూగర్భంలోనుండి ఊరికి తెస్తారు. మోటారు లేదు, కరెంటు లేదు. ఇలాంటి కాలువలు ఒమన్‌లో నేటికీ 3000కు పైగా పారుతున్నాయి. 2006లో యునెస్కో వీటిలో అయిదింటిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. దారిస్ వాటిలో ఒకటి. దావీదు కుమారుడైన సొలొమోను రాజు ఈ దేశానికి వచ్చి జిన్నులచేత వీటిని త్రవ్వించాడని అక్కడివారు కథ చెప్పుకుంటారు.

ఈ నీటికి ఒక క్రమం ఉన్నది. ముందు త్రాగడానికి, తరువాత మసీదుకు, స్నానాలకు, చివరకు తోటలకు. ఎవరి తోటకు ఎంతసేపో లెక్క ఉంటుంది. పూర్వం పగలు కర్రనీడను, రాత్రి నక్షత్రాలను చూచి వంతు మార్చేవారు. కొన్ని వంతులు వేలం వేసి, ఆ సొమ్ముతో కాలువ బాగుచేస్తారు.

కాళ్ళు నీళ్ళలో పెట్టుకొని పులిహోర తింటుండగా జగిత్యాల తమ్ముడు, “మా ఊళ్ళె గిట్లనే నీరటి ఉంటుండె. చెరువు తూము తీసుడు, వంతుల నీళ్ళు పెట్టుడు ఆయన పనే” అన్నాడు. “మా పక్క నీరుగట్టి అంటాము” అన్నాడు కడప అన్న. కొంతసేపు ఊరకుండి మళ్ళీ అన్నాడు: “మా అన్నా నేనూ ఒకే బావి నీళ్ళకు వంతు కుదరక పోట్లాడుకున్నాము. చెరొక బోరు వేసినాము. రెండూ ఎండిపోయినాయి. ఆ అప్పు కోసమే గదా నేనీ దేశం వచ్చింది.”

మేమెవరమూ మాట్లాడలేదు. మా ఎదుట ఆ నీరు సన్నని పాయలుగా చీలి, ఒక్కొక్క తోటలోకి తొందర లేకుండా పోతూ ఉన్నది. ఒక ముసలాయన వచ్చి గుడ్డ, రాయి అడ్డుపెట్టి ఒక పాయ మూసి మరొకటి తెరచి, చేతి గడియారం చూచుకొని వెళ్ళాడు. కాపలాకు ఎవ్వరూ లేరు.

సాయంత్రం ఆరాధన వేళకు మస్కట్ చేరాము. ఆ రాత్రి కడప అన్న చాలాకాలానికి తన అన్నకు ఫోను చేశాడు. ఏమి మాట్లాడుకున్నారో మేము అడగలేదు. అయితే మరుసటి సెలవుకు ఊరికి వెళ్ళినప్పుడు అన్నదమ్ములిద్దరూ కలిసి పాత బావి పూడిక తీయించారని తరువాత తెలిసింది.

గల్ఫ్‌నుండి మీ బిడ్డలు సెలవుకు వచ్చినప్పుడు ఏమి తెచ్చారని అందరూ అడుగుతారు. అక్కడ ఏమేమి చూచారో కూడా కూర్చోబెట్టి అడగండి.